తలల సంఘం ఆమోదించిన నోటీసు

ప్రభుత్వానికి ప్రజలంటే కోపమేమీ లేదు. వాళ్ళడిగే ప్రశ్నలంటేనే కాస్త చిరాకు. ఏ నోటీసు అతికించినా మర్నాటికల్లా కిటికీ దగ్గర జనం మూగి "అంటే ఏంటండీ?" అంటారు. కిటికీ లోపలి గుమాస్తాకి తెలిస్తే కదా చెప్పడానికి! అతను వెళ్ళి సూపరింటెండెంటుని అడుగుతాడు, ఆయన ఫైలు తెప్పిస్తాడు, ఫైలు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. ఇలా పరిపాలన కుంటుపడిపోతోందని బాధపడి, నోటీసులన్నీ జనానికి సులువుగా అర్థమయ్యేలా చూడమని జిల్లా కేంద్రంలో కొత్తగా ఒక ఆఫీసు పెట్టారు. దాని పేరు ప్రజాసమాచార సుబోధకతా సంచాలక కార్యాలయం. ఆ పేరు చదివి అర్థం చేసుకున్నవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. ఆటోవాళ్ళు మాత్రం సుబోధ ఆఫీసు అని తేల్చేశారు.

కడలి సత్యలింగం ఆ ఆఫీసులో ముసాయిదా అధికారి. ఏ శాఖ నోటీసైనా అతని కలం కిందికి వచ్చి పోవాల్సిందే. మంచి భాష తెలిసినవాడు, నెమ్మదస్తుడు. అతనికి తోడబుట్టింది ఒక్కతే చెల్లెలు, మంగతాయారు. ఆమెనిచ్చింది ఇసకపర్రులో. ఆమె భర్త నూకరాజు ఏట్లో నీళ్ళు తగ్గగానే ఇసకలో గోతులు తీసి పుచ్చపాదులు పెడతాడు. కాయలు లారీ ఎక్కేదాకా మొగుడూ పెళ్ళాం పిల్లా ఏటి మధ్యలోనే తాటాకు పాక వేసుకుని ఉంటారు. ఆ ఊళ్ళో అలా ఉండేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. సత్యలింగం సెలవులకు వెళ్ళినప్పుడు ఆ పాకలోనే కూర్చుని కాయ కోయించుకుని తినేవాడు. బావా బావా ఇద్దరూ ఒకరినొకరు "మీరు" అనుకుంటూ మహా మర్యాదగా ఉండేవారు.

సుబోధ ఆఫీసు పెట్టిన కొత్తలో సుకృత్ అని ఒక నిపుణుడు రాజధాని నుంచి దిగాడు. మనిషి బక్కపలచన, మాట మాత్రం వెన్న. మెదడు భాషను ఎలా పట్టుకుంటుందో చెప్తానని తెర దింపించి, గదిలో లైట్లు ఆర్పించాడు.

"ముందు ఒక చిన్న మాట చెప్తాను, వినండి. ఈ జిల్లా ఉద్యోగుల్లో నాకంటే ఎక్కువమంది తిరుపతి వెళ్ళొచ్చారు" అన్నాడు.

అందరూ తల ఊపారు. డైరెక్టరు మార్తాండరావుగారైతే రెండుసార్లు ఊపి, "నిజమేనండీ, ఈమధ్య కొండమీద రద్దీ మరీ ఎక్కువైపోయింది" అన్నారు. సుకృత్ తిరుపతి వెళ్ళాడా, వెళితే ఎన్నిసార్లు, అసలు ఒక్క మనిషికంటే ఎక్కువమంది వెళ్ళడమేమిటి, అది లెక్కా పోలికా అని ఒక్క ప్రాణి అడగలేదు. వాక్యం తీరు అంత ముచ్చటగా ఉంది మరి.

"ఇప్పుడొక ప్రశ్న. అమావాస్య రాత్రి మన కలెక్టరాఫీసు డాబామీద వెన్నెల్లో విస్తళ్ళు వేస్తే ఎంతమంది కూర్చోవచ్చు?"

"అరవై మందికి తక్కువుండదు" అన్నాడు జాయింటు డైరెక్టరు ధీమాగా. "వాటర్ ట్యాంకు పక్కన కూడా వేస్తే డెబ్భై" అని వెనకనుంచి ఎవరో సవరించారు. సత్యలింగం కూడా మనసులో విస్తళ్ళు పరుస్తూనే ఉన్నాడు, ఎవరికీ చెప్పలేదంతే.

సుకృత్ నవ్వాడు. "చూశారా! అమావాస్యనాడు వెన్నెలెక్కడిది? మెదడు ప్రతి మాటనీ నమిలి మింగదండీ. తెలిసిన మాటలు తెలిసిన వరసలో వస్తే చాలు, మిగతాది తనే పూరించేసుకుని సరే అనేస్తుంది. అర్థం అక్కర్లేదు. అర్థమైనట్టు అనిపిస్తే తల ఊగిపోతుంది."

ఆ తరవాత తెరమీద రావలసిన బొమ్మలో "కాబట్టి నోటీసులు రాసేటప్పుడు జాగ్రత్త" అని ఉంది. అది రానేలేదు. ఈలోపే మార్తాండరావుగారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ సర్వీసులో తను చేస్తూ వచ్చిన పనికి శాస్త్రం ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. గదిలో లైట్లు వేశారు, జీడిపప్పు పకోడీలు వచ్చాయి. సుకృత్ ఏదో చెప్పబోయాడు గానీ, తనను సలహాదారుగా నియమిస్తున్నారని విని పకోడీ నోట్లో వేసుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మార్తాండరావుగారు దాన్ని స్వయంగా చదివి వినిపించారు. "అవగాహన అనునది ఇకమీదట ఊహామాత్రమైన విషయముగాక, కొలవదగిన పరిమాణముగా పరిగణించబడును. శ్రోత యొక్క శిరఃకంపనమే అందుకు ప్రమాణము. కంపనము లేని చోట అవగాహన లేదు. అట్టి నోటీసు అస్పష్టమైనదిగా భావించి తిరస్కరించబడును."

అలా పుట్టింది తలల సంఘం. ఊళ్ళో వాళ్ళనే పదిమందిని కుర్చీల్లో కూర్చోబెడతారు. నుదుటికి పట్టీలు కడతారు. నోటీసు చదువుతుంటే ఎవరి తల ఎంత ఊగిందీ గోడమీది మీటరు చూపిస్తుంది. ముల్లు పచ్చ గడిలోకి వస్తే నోటీసు పాసు. తరవాత ఉప్మా పెడతారు. శుక్రవారం శుక్రవారం సంఘం కూర్చుంటుంది, తొందర పనులుంటే మధ్యలో ఒకసారి పిలుస్తారు. కొన్నాళ్ళకి ఆ పదిమందీ ఎంత ఆరితేరారంటే, చదివేవాడు గొంతు సవరించుకోగానే ముల్లు కదిలేది.

ఈ విద్యలో సత్యలింగం చెయ్యి తిరిగినవాడైపోయాడు. అంతకుముందు నోటీసు రాస్తే ఏం చెప్పాలా అని ఆలోచించేవాడు. ఇప్పుడు ఆ బరువు దిగిపోయింది. మున్సిపాలిటీకి "నీరు రాని రోజులలో సరఫరాకు ఎట్టి అంతరాయమూ లేకుండా చూడబడును" అని రాస్తే ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని నిమ్మళంగా ఇళ్ళకు పోయారు. ఆస్పత్రిలో "వైద్యులు లేని సమయమున వైద్యసేవలు యథావిధిగా లభించును" అని పెడితే రోగులు దణ్ణం పెట్టుకుని వరండాలో పడుకున్నారు. బస్టాండులో "రద్దయిన బస్సులు సకాలములో బయలుదేరును" అనే బోర్డు చూసి ఒక పెద్దమనిషి "ఇప్పటికైనా బాగుపడ్డార్రా" అని మెచ్చుకున్నాడట. కిటికీల దగ్గర జనం లేరు. గుమాస్తాలను వేరే పనులకు మార్చారు. కిటికీలకి ఇటికలు పెట్టి పూడ్చేశారు. మిగతా జిల్లాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. సత్యలింగానికి శాలువాల మీద శాలువాలు కప్పారు, పాపం ఎండాకాలం కూడానూ.

ఆ ఎండాకాలంలోనే ఎగువన అకాలపు వానలు పడ్డాయి. చూస్తూండగా ఆనకట్ట నిండింది. గురువారం పొద్దున్న పది గంటలకు గేట్లు ఎత్తాలని ఇంజినీరు నిర్ణయించి, దిగువ ఊళ్ళకు నోటీసు పంపమని సోమవారం నాడు సుబోధ ఆఫీసుకు కాగితం పంపాడు. ఆ ఇంజినీరు మోటు మనిషి. "గురువారం పొద్దున్న గేట్లు ఎత్తుతున్నాం. ఏట్లో ఎవరూ ఉండొద్దు. పిల్లల్నీ పశువుల్నీ తీసుకుని బుధవారం రాత్రికే ఒడ్డెక్కెయ్యండి" అని రాసి ఊరుకున్నాడు.

తలల సంఘాన్ని పిలిపించి అది చదివించారు. ఒక్క తల ఊగలేదు. పదిమందీ బిగుసుకుపోయారు. ముల్లు సున్నా దగ్గరే ఉంది. మూడో కుర్చీలో కూర్చున్న అచ్చియ్యమ్మ అనే ఆవిడ లేచి, నుదుటి పట్టీ పీకి కిందపారేసి, "మా అక్కోళ్ళు ఏట్లోనే ఉన్నారండి బాబూ! ఇసకపర్రు బస్సు ఎన్నింటికండి?" అంటూ ఉప్మా కూడా ముట్టకుండా పరిగెత్తింది.

మార్తాండరావుగారు సత్యలింగం వైపు తిరిగారు. "గమనించితిరా? ఇంతటి ఘోరమైన అస్పష్టతను నా సర్వీసులో చూచి ఎరుగను. అవగాహన శూన్యము. పైగా ఒక సభ్యురాలు సభను విడిచి పారిపోవునంతటి గందరగోళము! మీరు సరిచేయండి."

సత్యలింగానికి ఏదో గుచ్చుకున్నట్టయింది. ఆ మనిషి పారిపోయింది అర్థం కాకనా, అర్థమయ్యా? కానీ మీటరు గోడమీద ఉంది, డైరెక్టరు ఎదురుగా ఉన్నారు. అతను సరేనన్నాడు. తరవాత తన గదిలోకి వెళ్ళి కూర్చుని, చెల్లెలిని తలుచుకుంటూ, ఎంతో శ్రద్ధగా రాశాడు.

"ఎగువ ప్రాంతపు జలసమృద్ధి దృష్ట్యా, గురువారం ఉదయము నుండి నదీగర్భమున నివసించు ప్రజలు గతములో కంటే ఎక్కువమంది అప్రమత్తముగా ఉండవలసిన ఆవశ్యకతను, నిర్లక్ష్యము చేయకూడనంత స్వల్పమైనది కాదని గుర్తించి, ఎప్పటివలె సహకరించగలరు."

తిప్పి తిప్పి చదువుకున్నాడు. ఏం చెప్పదలుచుకున్నాడో అతనికి తెలుసు గనక, అది అందులో ఉందనే అనిపించింది. చదివినప్పుడల్లా గేట్లు కనిపించాయి, నీళ్ళు కనిపించాయి, చెల్లెలు సామాను సర్దుకుని ఒడ్డెక్కడం కూడా కనిపించింది. తలల సంఘం ముందు చదివితే ముల్లు పచ్చగడి దాటి గోడకు తగిలింది. అచ్చియ్యమ్మ బదులు కూర్చోబెట్టిన ఆయన తల మీటరు ఆపేశాక కూడా ఊగుతూనే ఉంది. మార్తాండరావుగారు సత్యలింగాన్ని కౌగిలించుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం ఇసకపర్రు రేవులో ఆటోకి మైకు కట్టి ఆ నోటీసు చదివారు. సాయంత్రం సత్యలింగం చెల్లెలికి ఫోన్ చేశాడు.

"మైకులో చెప్పారటమ్మా?"

"ఆఁ అన్నయ్యా, చెప్పారు! ఎంత బాగుందో! నువ్వే రాశావంటగా? మీ బావగారు అందరికీ చెప్పుకుంటున్నారు, మా బావగారి రాత అని. విన్నంతసేపూ తల ఊపుతూనే ఉన్నారు."

"మరి ఒడ్డెక్కేశారా?"

"ఒడ్డెందుకన్నయ్యా? రేపు మధ్యాహ్నం లారీ వస్తోంది. పొద్దున్నే కాయ కొయ్యాలి."

"అదేంటే! నీళ్ళొదులుతున్నారే... అదే... నీటి విడుదల దృష్ట్యా మీరు..."

"ఆఁ, ఆఁ, అదేగా మైకులో చెప్పింది. ఉండు, ఆయనకిస్తాను."

నూకరాజు ఫోన్ అందుకున్నాడు. సత్యలింగం గేట్లెత్తుతారు, ఏట్లో ఉండొద్దు అని ఎలాగో చెప్పాడు. నూకరాజు నొచ్చుకున్నాడు. "అదేంటండీ బావగారూ, అట్లా అంటారు? నోటీసులో అలాంటి భయమేమీ లేదే! ఎప్పట్లాగే సహకరించమన్నారు, సహకరిస్తున్నాం. గవర్నమెంటు నోటీసు నమ్మాలా, ఫోన్లో మాట నమ్మాలా మీరే చెప్పండి. ఆ నోటీసు మీరే రాశారాయె! ఆయ్, మీరు బాగా అలిసిపోయినట్టున్నారు, పడుకోండి."

సత్యలింగం ఉన్నపళంగా డైరెక్టరుగారి ఇంటికి పరిగెత్తాడు. మార్తాండరావుగారు వరండాలో మామిడిపండు తింటున్నారు.

"సార్, ఆ నోటీసు మార్చాలి సార్! ఒక్కరికీ అర్థం కాలేదు. ఏట్లోంచి ఒక్కరూ కదల్లేదు. ఇంజినీరు రాసిందే మైకులో చెప్పిద్దాం. నా చెల్లెలు అక్కడే ఉంది సార్!"

"అర్థము కాలేదని మీకెవరు చెప్పిరి? నూటికి నూరుపాళ్ళు కంపనము నమోదైనది. కదలలేదందురా? అవగాహన కలిగినవారు నిశ్చింతగా ఉందురు. అది మన విజయము."

"కనీసం రెండు మాటలు సార్, 'ఏట్లోంచి వచ్చెయ్యండి' అని..."

"ఆమోదించిన నోటీసును సవరించుటకు మరల సంఘపు ఆమోదము కావలెను. ఈ వారపు అత్యవసర సమావేశము అయిపోయినది, ఇక సంఘము శుక్రవారమే కూర్చుండును."

"గేట్లు గురువారం ఎత్తేస్తారు సార్!"

మార్తాండరావుగారు టెంక పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "అటులైనచో శుక్రవారము నాటికి సవరణ యొక్క అవసరమే ఉండదు కదా."

ఆ మాట ఎంత చక్కగా కుదిరిందంటే సత్యలింగం తల తనకు తెలియకుండానే ఊగింది. ఊగాక తెలిసింది. ఛీ, అనుకున్నాడు. ఇంత సిగ్గు అతనికి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వెయ్యలేదు.

రాత్రంతా మొరాయించిన స్కూటరు గురువారం తెల్లవారగానే కదిలింది. దారిలో టైరు పంచరై, అది వేయించుకుని రేవు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఏరంతా పచ్చగా ఉంది. పాకల దగ్గర పొగలు వస్తున్నాయి. ఇసకమీద కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. అచ్చియ్యమ్మ వాళ్ళ అక్క కుటుంబం ఒక్కటే ఒడ్డుమీద మూటల మధ్య కూర్చుని ఉంది. "పిచ్చిది ఏదో వాగితే వీళ్ళూ నమ్మారు" అని మిగతావాళ్ళు నవ్వుకుంటున్నారట.

సత్యలింగం ఇసకలో పడుతూ లేస్తూ పాదుల మధ్యకు పోయాడు. నూకరాజు నవ్వుతూ ఎదురొచ్చాడు. చుట్టుపక్కల పాకలవాళ్ళు కూడా నోటీసు రాసినాయన వచ్చారని పోగయ్యారు. సత్యలింగం ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

"ఎగువ ప్రాంతపు జలసమృద్ధి దృష్ట్యా..."

అందరూ తల ఊపడం మొదలుపెట్టారు. సత్యలింగం మాట మధ్యలో ఆపేశాడు. మళ్ళీ ప్రయత్నించాడు. "అనగా... తమ భద్రత నిమిత్తమై..." తలలు ఇంకా ముచ్చటగా ఊగాయి. మంగతాయారు పిల్లని చంకనేసుకుని, మా అన్నయ్య ఎంత చక్కగా మాట్లాడతాడో చూడండన్నట్టు అందరివైపూ చూసింది. ఎన్నాళ్ళనుంచో వాడకపోవడం వల్ల మామూలు మాట అతని నోట్లో తుప్పుపట్టిపోయింది. ఎగువనుంచి సన్నగా సైరన్ వినిపించింది. అదేదో రైలు కూతనుకున్నారు వాళ్ళు.

అప్పుడు అరిచాడు సత్యలింగం.

"ఒరేయ్ నూకరాజా! లే! పరిగెత్తరా! నీళ్ళొచ్చేస్తున్నాయిరా! అందరూ చస్తార్రా సన్నాసుల్లారా! ఒడ్డుకి పదండి! పదండహె!"

తలలు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తన పెళ్ళయిన దగ్గర్నుంచి "మీరు" తప్ప మరో మాట అనని బావగారు పదిమందిలో తనను "ఒరేయ్" అనేసరికి నూకరాజు మొహం కందగడ్డయింది. కానీ కాళ్ళకి ఆ మాట అందిపోయింది. పిల్లని లాక్కున్నాడు, మంగతాయారు చెయ్యి పట్టుకున్నాడు, పరిగెత్తాడు. అది చూసి మిగతావాళ్ళు పరిగెత్తారు. మేకలు, ముసలివాళ్ళు, సగం ఉడికిన అన్నం గిన్నెలు, అన్నీ ఒడ్డెక్కాయి. ఆఖరివాడు మెట్టుమీద కాలు పెట్టిన కాసేపటికి ఏరు వచ్చింది. పాదులు పోయాయి, పాకలు పోయాయి. పుచ్చకాయలు నీటిమీద తేలుతూ దొర్లుతూ సముద్రంవైపు పోయాయి. మంగతాయారు అన్నయ్యని పట్టుకుని భోరున ఏడ్చింది. సత్యలింగం కూడా ఏడ్చాడు, బతికారు చాలనుకున్నాడు.

నెల తిరక్కుండా విచారణ జరిగింది. విచారణ సంఘానికి అధ్యక్షులు మార్తాండరావుగారే. ఇసకపర్రువాళ్ళను పిలిపించి, వాళ్ళకీ పట్టీలు కట్టి, నోటీసును మళ్ళీ చదివించారు. ఆ చదవడం ఎంత శ్రావ్యంగా ఉందంటే పాదులు పోయినవాళ్ళు, పాకలు పోయినవాళ్ళు అందరూ తలలూపారు. మంగతాయారు తల కూడా ఊగింది. ఆ తరవాత సత్యలింగం అరిచిన అరుపును ఒక గుమాస్తా నెమ్మదిగా, గౌరవంగా చదివాడు. "ఒరేయ్ నూకరాజా, లే" దగ్గర అందరూ నూకరాజు వైపు చూశారు. ముల్లు కదల్లేదు.

మార్తాండరావుగారు తీర్పు చెప్పారు. "శ్రీ సత్యలింగముగారి కేకకు కంపనము శూన్యము. కనుక అది ఎవరికిని అవగాహన కాలేదు. అవగాహన కాని కేకను విని ఎవరును పరుగెత్తజాలరు. కావున ప్రజలు ప్రాణములు కాపాడుకొనుట ఆమోదిత నోటీసు వలననే జరిగినది. ఆ నోటీసుకు స్పష్టతా పురస్కారము ప్రకటించడమైనది. అనుమతి లేని అస్పష్టమైన భాషను నదీగర్భమున ప్రయోగించి, ప్రజల నిశ్చింతకు భంగము కలిగించినందులకు దాని రచయితను విధులనుండి తప్పించడమైనది."

సుకృత్ ఒక మూల కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతని కాంట్రాక్టు ఆ ఉదయమే పొడిగించారు.

బయటికి వచ్చాక సత్యలింగానికి ఒళ్ళు మండిపోయింది. చెల్లెల్ని నిలదీశాడు. "నువ్వు కూడా తల ఊపావేంటే? ఆ నోటీసుని నమ్ముకునుంటే ఇవాళ మీకు తద్దినం పెట్టేవాణ్ణి!"

"ఏం చెయ్యనన్నయ్యా? పెద్దాయన అంత బాగా చదువుతుంటే బిర్రబిగుసుకు కూర్చుంటే బాగుంటుందా? దానంతటదే ఊగిపోయింది." తరవాత మెల్లిగా అంది. "నువ్వు మా ప్రాణాలు నిలబెట్టావు, కాదనను. కానీ మీ బావగార్ని నలుగురిలో అంత మాట అన్నావు. ఆయన నీతో మాట్లాడనంటున్నారు. రాత్రుళ్ళు సరిగా అన్నం కూడా తినట్లేదు."

"వచ్చి కాళ్ళు పట్టుకుంటాలేవే" అన్నాడు సత్యలింగం.

అన్న ప్రకారమే ఆదివారం ఇసకపర్రు వెళ్ళాడు. నీళ్ళు తగ్గిపోయాయి. ఏట్లో మళ్ళీ పాకలు లేచాయి. నూకరాజు దూరాన దోసపాదులకు గోతులు తీస్తున్నాడు, బావగారిని చూసి కూడా చూడనట్టు వీపు తిప్పేశాడు. మంగతాయారు రేవులోనే ఎదురై పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టింది.

"అన్నట్టు నిన్న మళ్ళీ మైకొచ్చిందన్నయ్యా, గేట్లవాళ్ళ తాలూకు. నువ్వు లేవు కదా, ఎవరో కొత్తాయన రాశాట్ట."

సత్యలింగం చేతిలో పండు ఆగిపోయింది. "ఏమని చెప్పారు?"

మంగతాయారు ఆలోచించింది. నొసలు ముడిచి, ఆకాశం వైపు చూసి, మళ్ళీ ఆలోచించింది.

"ఏమోగానీ... చాలా బాగా చెప్పారన్నయ్యా."

సత్యలింగం పళ్ళెం కింద పెట్టాడు. క్షమాపణ కోసం దారంతా కూర్చుకున్న మర్యాదలన్నీ మింగేసి, చెప్పులు రేవులోనే వదిలేసి, పంచె ఎగ్గట్టి, గొంతు చించుకుంటూ ఏట్లోకి పరిగెత్తాడు.

"ఒరేయ్ నూకరాజా!"